తలకు దొరకని విరామం: సుదీర్ఘ అంతరిక్ష యాత్రల్లో కన్ను, మెదడు

తెలుగు, తమిళం, కన్నడం ఒకే సంతలో వినిపించే ఈ ధర్మపురి సీమలో తెలుగులో విజ్ఞానశాస్త్ర ప్రసంగం పెట్టాలని సంకల్పించడమే ఒక గొప్ప విశ్వాసానికి గుర్తు. ఎవరి స్మృతికి ఈ సభ అంకితమో ఆ ఉపాధ్యాయవర్యులకు మనం చేయగల గౌరవం, కఠినమైన విషయాన్ని పలుచన చేయకుండా ఓపికగా విప్పి చెప్పుకోవడమేనని భావిస్తున్నాను. అందుకే వ్యోమగాముల కంటినీ మెదడునూ కాపాడుకోవడం ఎలా అన్న ప్రశ్నను ఈనాటి ప్రసంగానికి ఎంచుకున్నాను. మన దేశం 2035 నాటికి సొంత అంతరిక్ష కేంద్రాన్ని, 2040 నాటికి చంద్రుడిపై భారతీయుడి పాదాన్ని లక్ష్యాలుగా ప్రకటించింది. రాకెట్టు గురించి, ఇంధనం గురించి, ఖర్చు గురించి విస్తారంగా చర్చ జరుగుతోంది. ఆ రాకెట్టులో కూర్చునే మనిషి తలలో ఏం జరుగుతుందన్న చర్చ అంతగా జరగడం లేదు. నా వాదం ఇది: భారరహిత స్థితిలో కంటికీ మెదడుకూ కలుగుతున్న మార్పులకు ప్రధాన కారణం తలలోని ఒత్తిడి విపరీతంగా పెరగడం కాదు, ఆ ఒత్తిడికి రోజులో ఒక్క గంటైనా దిగే వీలు లేకపోవడం. ఆ విరామాన్ని భూమి మనకు అడగకుండానే ఇస్తోంది. అంతరిక్షంలో దాన్ని మనమే నిర్మించి ఇవ్వాలి.

ఈ వాదానికి పునాది రెండు శతాబ్దాలకు పైబడినది. 1783లో ఎడిన్‌బరో శరీరశాస్త్రవేత్త అలెగ్జాండర్ మన్రో, ఆ తర్వాత 1824లో జార్జ్ కెల్లీ, ఒక సరళమైన సూత్రాన్ని ప్రతిపాదించారు. ఎదిగిన మనిషి కపాలం గట్టి పెట్టె. అందులో చోటు ఎంతో నిర్ణయమై ఉంటుంది. తరువాతి తరాలు ఆ సూత్రాన్ని విస్తరించి, మెదడు, నెత్తురు, మెదడు చుట్టూ ఉండే ద్రవం అనే మూడూ ఆ చోటును పంచుకోవాలని, వాటిలో ఒకటి పెరిగితే ఇంకొకటి తగ్గాలని, తగ్గకపోతే ఒత్తిడి పెరుగుతుందని చెప్పాయి. 1851లో హెల్మ్‌హోల్ట్స్ కంటిలోపలికి వెలుగు పంపి చూసే ఆఫ్తాల్మోస్కోపును కనిపెట్టాక ఈ సూత్రానికి ఒక కిటికీ దొరికింది. మెదడులో గడ్డలున్న రోగుల్లో దృష్టినాడి కంటిలోకి ప్రవేశించే చోట వాపు కనిపిస్తుందని 1860లో బెర్లిన్ నేత్రవైద్యుడు ఆల్బ్రెక్ట్ ఫాన్ గ్రేఫ్ వివరించాడు. దృష్టినాడి మామూలు నరం కాదు, అది మెదడులోనే ఒక భాగం. మెదడును కప్పే పొరలే దాన్నీ కప్పుతాయి, మెదడును తడిపే ద్రవమే దాని చుట్టూ కంటి వెనుక గోడ దాకా చేరుతుంది. అందువల్ల కన్నునూ మెదడునూ వేరువేరు విభాగాల్లో, వేరువేరు నిపుణుల చేతుల్లో పెట్టడం ఆసుపత్రి నిర్వహణకు సౌకర్యమే తప్ప శరీరానికి సంబంధించిన సత్యం కాదు. అంతరిక్ష వైద్యం ఈ సంగతిని ఆలస్యంగా, కొంత మూల్యం చెల్లించి తెలుసుకుంది.

ఆ ఆలస్యం కథ తెలుసుకోదగినది. 1962 ఫిబ్రవరిలో అమెరికా వ్యోమగామి జాన్ గ్లెన్ భూమిని మూడుసార్లు చుట్టి వచ్చినప్పుడు, ఫ్రెండ్‌షిప్ 7 నౌకలో ఆయన ఎదుట ఉన్న పరికరాల పలక మీద ఒక చిన్న కంటి పరీక్ష అక్షరాల పట్టీ అతికించి ఉంది. భారం లేని చోట కనుగుడ్డు ఆకారం మారిపోయి చూపు చెదిరిపోతుందేమోనని కొందరు వైద్యులు భయపడ్డారు. గ్లెన్ ఆ అక్షరాలను చక్కగా చదివాడు. 1965లో జెమిని 5 యాత్రికులు ఎనిమిది రోజులు కక్ష్యలో ఉండి, టెక్సాస్‌లో నేల మీద పరిచిన గుర్తులను పైనుంచి చదివే ప్రయత్నం చేశారు. చూపులో చెప్పుకోదగ్గ మార్పు లేదని తేలింది. దానితో ఆ భయం మరుగున పడింది. గ్లెన్ కక్ష్యలో ఉన్నది ఐదు గంటలు, జెమిని వారిది ఎనిమిది రోజులు. శరీరం నెమ్మదిగా నమోదు చేసే మార్పును పట్టుకోవడానికి ఆ వ్యవధి చాలలేదు. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో ఆరేసి నెలల యాత్రలు మామూలయ్యాక, 2009లో వైద్యులే అయిన ఇద్దరు వ్యోమగాములు, అమెరికాకు చెందిన మైకేల్ బారట్, కెనడాకు చెందిన రాబర్ట్ థర్స్క్, దగ్గరి అక్షరాలు చదవడం తమకు కష్టమవుతోందని గమనించారు. ఒకరి కళ్లను ఒకరు పరీక్షించుకుంటే దృష్టినాడి దగ్గర వాపు ఉన్నట్టు అనుమానం కలిగింది. 2011లో థామస్ మేడర్ బృందం ఏడుగురు దీర్ఘకాల వ్యోమగాముల వివరాలు ప్రకటించింది. ఐదుగురిలో దృష్టినాడి వాపు, ఐదుగురిలో కనుగుడ్డు వెనుక భాగం చదునవడం, ఐదుగురిలో రెటీనా కింది పొర ముడతలు పడడం కనిపించాయి. ఆరుగురికి దగ్గరి చూపు తగ్గింది. అదే పత్రంలో సుమారు మూడు వందల మంది వ్యోమగాముల సమాధానాల సర్వే ఉంది. చూపు మందగించిందని చెప్పినవారు స్వల్పకాల యాత్రికుల్లో దాదాపు 29 శాతం, దీర్ఘకాల యాత్రికుల్లో దాదాపు 60 శాతం. కనుగుడ్డు ఆకారం మారుతుందన్న 1962 నాటి భయం అర్ధ శతాబ్దం తర్వాత నిజమని తేలింది. ఈ లక్షణాల సముదాయాన్ని 2017 నుంచి స్పేస్‌ఫ్లైట్ అసోసియేటెడ్ న్యూరో-ఆక్యులర్ సిండ్రోమ్ అని, క్లుప్తంగా సాన్స్ అని పిలుస్తున్నారు. అంతకుముందున్న పేరులో కపాలంలోని ఒత్తిడే కారణమన్న నిర్ణయం ఇమిడి ఉండేది. కొత్త పేరు ఆ తొందరపాటును వదిలిపెట్టింది.

తొందరపాటు అనడానికి కారణముంది. భూమి మీద తలలో ఒత్తిడి పెరిగిన రోగులు తీవ్రమైన తలనొప్పితో, చెవుల్లో నాడి కొట్టుకునే చప్పుడుతో, ఒకటి రెండుగా కనిపించే చూపుతో వస్తారు. వ్యోమగాముల్లో ఈ లక్షణాలు సాధారణంగా లేవు. తిరిగొచ్చాక నలుగురికి వెన్నులోంచి ద్రవం తీసి కొలిస్తే ఒత్తిడి 21 నుంచి 28.5 సెంటీమీటర్ల నీటి మట్టం దాకా, అంటే మామూలు హద్దు దగ్గరా, దాన్ని కొద్దిగా దాటీ ఉంది. మరి భారరహిత స్థితిలో అసలు ఒత్తిడి ఎంత? ఆ సమాధానం ఒక అరుదైన ప్రయోగంలో దొరికింది. క్యాన్సర్ చికిత్స కోసం మెదడు లోపలి కోష్ఠంలోకి సన్నని గొట్టం వేసి, నెత్తి చర్మం కింద చిన్న గుబ్బలాంటి మందు సంచిని అమర్చుకుని, రోగం నయమైన తర్వాత కూడా ఆ అమరికను అలాగే ఉంచుకున్న కొందరు స్వచ్ఛందంగా ముందుకు వచ్చారు. విమానం పైకి ఎగసి కిందికి వాలే వంపులో ఇరవై సెకన్లకు కాస్త పైగా భారం లేని స్థితి ఏర్పడుతుంది. ఆ వ్యవధిలో, నెత్తి చర్మం గుండా ఆ గుబ్బలోకి గుచ్చిన సూది ద్వారా, మెదడులోని ఒత్తిడిని నేరుగా కొలిచారు. జస్టిన్ లాలే, బెంజమిన్ లెవైన్ బృందం 2017లో ఈ ఫలితాలు ప్రచురించింది. భారరహిత స్థితిలో ఒత్తిడి, వెల్లకిలా పడుకున్నప్పటి కంటే కొంచెం తక్కువే ఉంది. కానీ కూర్చున్నప్పుడు, నిలబడినప్పుడు ఉండే స్థాయికి అది దిగలేదు. ఈ ఒక్క కొలత మొత్తం చర్చను మలుపు తిప్పిందని నేను భావిస్తాను. మనిషి రోజులో మూడింట రెండు వంతుల కాలం కూర్చునో నిలబడో ఉంటాడు. ఆ గంటల్లో నెత్తురూ ద్రవాలూ కాళ్లవైపు జారి, తల తేలికపడుతుంది. అంతరిక్షంలో కాళ్ల నుంచి లీటరు మొదలు రెండు లీటర్ల దాకా ద్రవం పైభాగానికి చేరి, అక్కడే నిలుస్తుంది. పగలూ రాత్రీ తేడా ఉండదు. ఎద్దు మెడ మీద పుండు పడేది కాడి బరువుకు కాదు, సాయంత్రానికి కూడా కాడి దించకపోతేనే.

ఈ వాదాన్ని బలపరిచే ఆధారాలు నేల మీద చేసిన ప్రయోగాల్లోనూ ఉన్నాయి. మంచాన్ని ఆరు డిగ్రీలు తలవైపు వాలుగా ఉంచి మనుషులను వారాల తరబడి పడుకోబెట్టడం అంతరిక్ష వైద్యంలో పాత పద్ధతి. పూర్వపు ప్రయోగాల్లో తలకింద దిండు పెట్టుకోవడానికీ, తినేటప్పుడు కాస్త తల ఎత్తడానికీ అనుమతి ఉండేది; దృష్టినాడి వాపు కనిపించేది కాదు. 2017లో జర్మనీలోని కొలోన్‌లో పదకొండు మందిని ముప్పై రోజులు దిండు లేకుండా, తల ఎత్తనివ్వకుండా, గాలిలో కార్బన్ డయాక్సైడును అర శాతానికి పెంచి పడుకోబెట్టారు. ఐదుగురిలో వాపు వచ్చింది. కార్బన్ డయాక్సైడే కారణమేమో అన్న సందేహాన్ని 2019లో అక్కడే జరిగిన అరవై రోజుల ప్రయోగం చాలావరకు తొలగించింది. అందులో గాలి మామూలుగానే ఉంది, అయినా వాపు వచ్చింది. అంతేకాదు, అక్కడ కొందరిని రోజుకు అరగంట పెద్ద తిరుగుడు యంత్రంలో తిప్పి కృత్రిమ గురుత్వాన్ని ఇచ్చారు. ఆ అరగంట వాపును ఆపలేకపోయింది. దిండు ఇచ్చే కొద్దిపాటి ఎత్తు, రోజంతటా అందుతుంది గనుక, కొంత కాపాడింది. ఘనమైన గురుత్వం, అరగంటే అందింది గనుక, కాపాడలేకపోయింది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే కాలమే ప్రధానమని తోస్తుంది.

ఇక మెదడు. 2017లో డోనా రాబర్ట్స్ బృందం ఎంఆర్‌ఐ చిత్రాలతో, దీర్ఘకాల యాత్ర చేసిన 18 మందిలో 17 మందికి మెదడు నడిమి చాలు ఇరుకైందని, స్వల్పకాల యాత్రికులు 16 మందిలో ముగ్గురికే అలా జరిగిందని చూపింది. మెదడు కపాలంలో పైకి జరుగుతోంది. 2023లో వెలువడిన మరో అధ్యయనం ముప్పై మందిని పరీక్షించి, మెదడు లోపలి ద్రవపు కోష్ఠాలు తొలి ఆరు నెలల్లోనే ఎక్కువగా వ్యాకోచిస్తాయని చెప్పింది. రెండు యాత్రల మధ్య మూడేళ్ల కంటే తక్కువ ఎడం ఉన్నవారిలో కోష్ఠాలు రెండోసారి అంతగా సాగలేదు. మొదటి సాగుడు నుంచి అవి ఇంకా పూర్తిగా కోలుకోలేదన్న అర్థం దానికి ఇచ్చారు. మెడలోని సిరల సంగతి మరింత ఆలోచింపజేసేది. 2019లో పదకొండు మంది వ్యోమగాములను పరీక్షిస్తే, సుమారు యాభయ్యో రోజుకు ఆరుగురిలో తల నుంచి గుండెకు నెత్తురు తెచ్చే సిరలో ప్రవాహం నిలిచిపోయో వెనక్కి మళ్లో ఉంది. ఒకరిలో ఆ సిరలో గడ్డకట్టిన నెత్తురు కనిపించింది. భూమి నుంచి వైద్యులు సలహాలిస్తూ, కేంద్రంలో ఉన్న మందులు పొదుపుగా వాడుతూ, సరుకు నౌక కొత్త మందు తెచ్చేదాకా నడిపించారు. పరీక్ష చేయకపోతే ఆ గడ్డ ఎవరికీ తెలిసేది కాదు. ఇలాంటిది అంగారక యాత్రలో, వెళ్లి రావడానికి మూడేళ్లు పట్టే దూరంలో, మాట చేరడానికే ఇరవై నిమిషాలకు పైగా పట్టగల చోట ఎదురైతే సరుకు నౌక రాదు.

దీనికి ఎదురయ్యే ఆక్షేపణల్లో గట్టిది ఒకటుంది. ఇప్పటిదాకా ఏ వ్యోమగామీ చూపు పూర్తిగా పోగొట్టుకోలేదు. వాపు చాలామందిలో తిరిగి వచ్చాక తగ్గింది. కళ్లద్దాలు మార్చుకుంటే పని జరిగింది. మరి ఇంత ఆందోళన ఎందుకు? ఈ మాటలో నిజం ఉంది, దాన్ని తక్కువ చేయను. నలభై దాటిన వ్యోమగాముల కోసం దగ్గరి చూపు బలం పెంచిన అద్దాలను నాసా ముందే పంపుతోంది. అది తెలివైన ఏర్పాటు. అయితే కళ్లద్దం అక్షరాన్ని సరిచేస్తుంది, నాడిని సరిచేయదు. కనుగుడ్డు చదునవడం కొందరిలో ఏళ్లు గడిచినా అలాగే ఉంది. అమెరికా వ్యోమగామి స్కాట్ కెలీ 340 రోజుల యాత్ర తర్వాత, ఆయన కవల సోదరుడితో పోల్చుతూ 2019లో ప్రచురించిన అధ్యయనంలో, ఆలోచన వేగమూ కచ్చితత్వమూ భూమికి చేరిన తర్వాత తగ్గి, ఆరు నెలల దాకా అలాగే ఉన్నట్టు తేలింది. అది ఒకే మనిషి సంగతి కాబట్టి సాధారణ సూత్రంగా చెప్పలేం. కానీ అంగారకుడి మీద దిగే మనిషికి అక్కడ కోలుకోవడానికి ఆసుపత్రి ఉండదు, దిగిన రోజే తన చూపుతో, తన బుద్ధితో పని మొదలుపెట్టాలి. హాని స్వల్పమన్న వాదం ఆరు నెలల యాత్రల అనుభవం మీద నిలిచింది. దాన్ని మూడేళ్ల యాత్రకు సాగదీయడం, ఐదు గంటల అనుభవంతో గ్లెన్ నాటి భయాన్ని కొట్టిపారేసినంత తొందర.

రెండో ఆక్షేపణ శాస్త్రీయమైనది: అందరూ ఒకే భారరహిత స్థితిలో ఉన్నా ఎందుకు అందరికీ ఒకేలా రాదు? ద్రవం ఒక్కటే కారణమైతే ఈ తేడా ఎక్కడిది? ఇక్కడ మనకు ప్రత్యేకంగా సంబంధించిన ఒక దారి ఉంది. 2012లో నాసా పోషకాహార పరిశోధకులు, కంటి మార్పులు వచ్చిన వ్యోమగాముల నెత్తురులో హోమోసిస్టీన్ వంటి పదార్థాలు యాత్రకు ముందే ఎక్కువగా ఉన్నాయని గుర్తించారు. ఫోలేట్, బీ12 విటమిన్లు పనిచేసే జీవరసాయన మార్గంలో కొన్ని జన్యు భేదాలకూ కంటి మార్పులకూ సంబంధం ఉన్నట్టు తరువాత తేలింది. ఫోలేట్‌కు మరో రూపమైన ఫోలిక్ ఆమ్లం అనగానే ఏ తెలుగువాడికైనా భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు గుర్తుకు రావాలి. 1945లో లెడర్లే సంస్థలో ఆయన నాయకత్వంలోని బృందమే ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. రక్తహీనత కోసం మొదలైన ఆ అన్వేషణ నేడు కక్ష్యలో ఉన్న మనిషి దృష్టినాడి దాకా వచ్చింది. శాకాహారం విరివిగా ఉన్న మన దేశంలో బీ12 లోపం సామాన్యం. కాబట్టి ఇతర దేశాలు తమ యాత్రికుల నుంచి రాబట్టిన సగటులు మనకు సరిగ్గా సరిపోతాయని ఊహించుకోకూడదు. మన గగనయాత్రికుల రక్తంలో ఈ విలువలను ఏళ్లకు ముందే కొలిచి, లోపముంటే సరిచేయాలి. ఇది నా మూల వాదానికి విరుద్ధం కాదు. విరామం లేని ఒత్తిడి అందరి మీదా పడుతుంది. ఎవరి నాడి ఎంత తట్టుకుంటుందన్నది వారి రసాయనం, వారి శరీర నిర్మాణం నిర్ణయిస్తాయి.

మరి ఆ విరామాన్ని ఎలా కల్పించాలి? రష్యన్లు చాలాకాలంగా చిబిస్ అనే ప్యాంటును వాడుతున్నారు; అది నడుము కింద గాలిని పీల్చివేసి నెత్తురును కాళ్లలోకి లాగుతుంది. తొడల చుట్టూ బిగించే పట్టీలూ వారి దగ్గర ఉన్నాయి. వాటిని కొద్ది సమయమే వాడగలం, ఆ సమయంలో పని సాగదు. డాలస్‌లో లెవైన్ బృందం దీనికి వేరే సమాధానం చెప్పింది: పని గంటల్లో కాకుండా నిద్ర గంటల్లో ఆ లాగుడు ఇవ్వాలి. నడుము దాకా గట్టి చట్రం ఉన్న నిద్ర సంచిలో రాత్రికి ఎనిమిది గంటలు స్వల్పమైన పీల్పు ఇస్తే, మూడు రోజులు వరుసగా పడుకున్న పదిమంది స్వచ్ఛంద సేవకుల్లో రెటీనా కింది పొర ఉబ్బు బాగా తగ్గిందని 2021 డిసెంబరులో ప్రచురించారు. ఇది మూడు రోజుల ఫలితమే, నేల మీద పొందినదే. కక్ష్యలో నిరూపణ కావాలి. మెడ సిర పరీక్షల్లో ఇదే పీల్పు 17 సార్లు ప్రయోగిస్తే 10 సార్లు ప్రవాహం మెరుగైంది. అంటే అందరికీ, అన్నిసార్లూ పనిచేయలేదు. అయినా దీని వెనుక ఉన్న ఆలోచన సరైనదని నా నమ్మకం. నిద్రలో మూడో వంతు జీవితం గడుస్తుంది. ఆ మూడో వంతును తలకు విశ్రాంతిగా మార్చగలిగితే, పగటి పూట ఒక్క నిమిషం కూడా వృథా కాదు. అలాంటి సంచికి చోటు, విద్యుత్తు, శబ్దం, భద్రత అన్నీ నౌక నమూనా గీసే దశలోనే నిర్ణయం కావాలి. ఇప్పుడు గీస్తున్న భారతీయ అంతరిక్ష కేంద్రం నమూనాలో దాని కోసం చోటు అడిగే సమయం ఇదే.

మన తొలి మానవ అంతరిక్ష యాత్ర గగనయాన్ మూడు రోజులదే గదా, ఇప్పుడే ఇవన్నీ ఎందుకన్న ప్రశ్న సహజం. మూడు రోజుల్లో సాన్స్ రాకపోవచ్చు. కానీ మార్పును గుర్తించాలంటే మార్పుకు ముందు స్థితి చేతిలో ఉండాలి. ఇక్కడికి ఉత్తరాన బెంగళూరులో 1957 నుంచీ ఉన్న వైమానిక వైద్య సంస్థ, 2019లో ఇస్రో నెలకొల్పిన మానవ అంతరిక్షయాన కేంద్రం, హైదరాబాదులో 1987 నుంచీ పనిచేస్తున్న ఎల్.వి. ప్రసాద్ నేత్ర సంస్థ వంటివి ఒకే జట్టుగా పనిచేస్తే, ప్రతి గగనయాత్రికీ రెటీనా పొరల చిత్రం, మెదడు చిత్రం, మెడ సిర పరీక్ష, రక్తంలో విటమిన్ల లెక్క ఏళ్లకు ముందు నుంచే పేరుకుంటాయి. భారత వ్యోమగామి శుభాంశు శుక్లా 2025 జూన్, జులైలలో అంతర్జాతీయ కేంద్రంలో గడిపిన రోజుల్లో, కంప్యూటర్ తెరల మీద పనిచేసేటప్పుడు చూపు ఎలా నిలుస్తుందో పరిశీలించే భారతీయ ప్రయోగం కూడా ఉంది. అది మంచి ఆరంభం. ఇక పేద దేశానికి ఇవన్నీ ఎందుకు, శుక్లాలతో చూపు కోల్పోతున్నవారి సంగతి చూడండి అనే మాట ఉంది. ఆ మాట వెనుక ఉన్న న్యాయాన్ని నేను పూర్తిగా అంగీకరిస్తాను. శుక్లం ఆపరేషను ఒక్కదాన్నీ దీనికోసం ఆపకూడదు. అయితే దృష్టినాడి మీద కంటి లోపలి నుంచి పడే ఒత్తిడికీ, వెనుక నుంచి పడే ద్రవపు ఒత్తిడికీ మధ్య తేడా ఎంత ఉంటే నాడి దెబ్బతింటుందన్న ప్రశ్న గ్లాకోమా వైద్యులకూ కావాలి. తలలో కారణం తెలియని ఒత్తిడితో చూపు కోల్పోతున్న యువతులకూ, మెదడు కోష్ఠాల్లో నీరు చేరిన పిల్లలకూ వైద్యం చేసేవారికీ కావాలి. ఆరోగ్యవంతుల మీద, ముందూ వెనుకా కొలిచి, ఈ ప్రశ్న అడిగే అవకాశం అంతరిక్ష వైద్యానికి తప్ప మరెవరికీ లేదు.

ఒక చివరి విషయం మీద ఎక్కువ సమయం వెచ్చించాలి, ఎందుకంటే దాని గురించి మన దగ్గర మాట్లాడేవారు తక్కువ. హైదరాబాదు నుంచి అమెరికా వెళ్లిన తండ్రికి జన్మించిన నాసా వ్యోమగామి రాజా చారి 2021 నవంబరు నుంచి 2022 మే దాకా 177 రోజులు అంతరిక్ష కేంద్రంలో ఉన్నారు. ఆయన కంటి ఫలితాలు ఏమిటన్నది మనం అడగదగిన ప్రశ్న కాదు, ఎవరూ అడగకూడదు కూడా. కానీ ఆయనలాంటి యాత్రికుడు దేశం కోసం శరీరాన్ని ఒప్పజెప్పాక ఆ శరీరం బాధ్యత ఎవరిదన్నది అడగాల్సిందే. 2017 దాకా అమెరికాలో కూడా, ఉద్యోగం వదిలిన వ్యోమగాములకు వార్షిక పరీక్షలు ఉన్నాయి గానీ, యాత్ర వల్ల వచ్చిన జబ్బుకు జీవితాంతం చికిత్స చేయించే స్పష్టమైన చట్టాధికారం నాసాకు లేదు. ఆ ఏడాది మార్చిలో వచ్చిన చట్టం ఆ లోటు పూడ్చింది. మన దేశం 2024 ఫిబ్రవరిలో పేర్లు ప్రకటించిన గగనయాత్రికులు నలుగురే. నలుగురిలో ఒకరి పరీక్ష ఫలితం అజ్ఞాతంగా ప్రచురించినా అది ఎవరిదో లోకం ఊహించగలదు. కాబట్టి మన చట్టం రెండు హామీలు కలిపి ఇవ్వాలి. యాత్రికుడు ఉద్యోగంలో ఉన్నా విరమించినా, కంటికీ మెదడుకూ ఏటా పరీక్షా, అవసరమైతే చికిత్సా ప్రభుత్వ ఖర్చుతో జీవితాంతం అందాలి. ఆ సమాచారం శాస్త్రానికి ఉపయోగపడాలి గానీ, దాన్ని చూపి అతన్ని తరువాతి యాత్ర నుంచి తప్పిస్తారన్న భయం లేకుండా ఉండాలి. ఆ భయం ఉన్నంతకాలం యాత్రికుడు చూపు మసకబారిందని చెప్పడానికి వెనకాడతాడు. వెనకాడితే మనం ఎన్ని యంత్రాలు పంపినా మనకు చేరేది అసంపూర్ణమైన లెక్కే. శ్రీహరికోట నుంచి మనుషులతో తొలి గగనయాన్ బయలుదేరే లోపే ఈ చట్టం ముసాయిదా పార్లమెంటు ముందుకు రావాలని, దాన్ని అడిగేవారిలో తెలుగు నేల వైద్యులూ ఉపాధ్యాయులూ ముందు వరుసలో ఉండాలని ఈ సభ ముఖంగా కోరుతున్నాను.